అమావాస్య నాటి మరమ్మతు

పరగడుపున ఉన్న మనిషితో వాదం పెట్టుకోకూడదు. పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో ఉన్న మా డయాగ్నస్టిక్ సెంటర్లో ఏళ్ల తరబడి బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. షుగర్ పరీక్ష కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చిన పెద్దమనిషికి, రక్తం తీసేదాకా లోకమంతా శత్రువే. సూది గుచ్చేవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనరు. బిల్లు ఇచ్చే నన్ను అంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. నేనూ ఊరుకునే రకం కాదు కాబట్టి పొద్దున పూట మా కౌంటర్ కాస్త సందడిగానే ఉంటుంది.

ఇది నా కథ కాదు, ప్రమోద కథ. మా సెంటర్లో కంప్యూటర్లన్నీ చూసుకునే పిల్ల. దుబ్బాకలో చేనేత ఇంట్లో పుట్టింది. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటకు వచ్చి, ఒక లేడీస్ హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికే వరకు వార్డెన్‌ను వదలకుండా వెంటపడి, హార్డ్‌వేర్ నెట్‌వర్కింగ్ కోర్సు చేసింది. ఆ హాస్టల్లో ఉన్న వాళ్లంతా కోడింగ్ నేర్చుకుని గచ్చిబౌలిలో పెద్ద కంపెనీలో పడదామనుకునేవాళ్లే. ఈమెకు ఆ యావ లేదు. "కొత్తయి చేసేటోళ్లు మస్తు మంది ఉన్నరక్కా. ఉన్నయి మంచిగ చూస్కునేటోళ్లే లేరు" అంటుంది. కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టి, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు వేడి చూస్తుంది. మొదట్లో అది చూసి నేను బాగా నవ్వుకునేదాన్ని.

మా సెంటర్ యజమాని డాక్టర్ మంజూష మేడం. ఆమెకు తెలిసినవాళ్ల సెంటర్లో ఒకసారి దొంగలు కంప్యూటర్లలోకి దూరి రిపోర్టులన్నిటికీ, డబ్బు కడితేనే తీస్తామని తాళం వేశారు. తలుపులు పగలగొట్టలేదు, గోడ దూకలేదు, ఎక్కడో కూర్చుని పని కానిచ్చారు. ఆ ఊసు విన్న వారానికే మేడం ప్రమోదను పనిలో పెట్టుకుంది.

ప్రమోద చెప్పగా నాకు అర్థమైనది ఇంతే. సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీలు అందులో కన్నాలు ఎక్కడున్నాయో వెతికి, నెలకోసారి వాటిని మూసే సరుకు పంపుతాయి. దాన్నే అప్‌డేట్ అంటారు. కన్నం ఉందని వాళ్లు లోకమంతా చాటిన తర్వాత కూడా మనం మూసుకోలేదంటే దొంగకు దీపం పట్టుకుని దారి చూపినట్టే. ఆమె రాకముందు మా దగ్గర ఆ పని ఎవరూ చేసేవారు కాదు. తెర మీద అప్‌డేట్ డబ్బా కనబడితే 'తర్వాత' అని నొక్కడం నాకు ఈగను తోలినంత అలవాటు. ప్రమోద వచ్చీ రాగానే నా తెర మీద ఆ 'తర్వాత'నే లేకుండా చేసింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆదివారం మా సెంటర్ ఒంటిపూట. మొదట్లో ఆమె ఆదివారం మధ్యాహ్నాలు అక్కడే ఉండిపోయి, ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని తానే అప్‌డేట్ ఎక్కించేది. తర్వాత అన్నిటికీ కలిపి ఒక్కచోటి నుంచే టైం పెట్టే ఏర్పాటు చేసుకుంది. మనుషులంతా వెళ్లిపోయాక, సాయంత్రం నాలుగింటికి, కంప్యూటర్లే వాటంతటవి పని మొదలుపెట్టి ముగించుకుంటాయి. మొదటిసారి అలా టైం పెట్టిన ఆదివారం పిల్ల ఎంత సంబరపడిందో! చాలా రోజుల తర్వాత ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతానని చెప్పి, బ్యాగు ఊపుకుంటూ వెళ్లింది.

సోమవారం పొద్దున నేను కంప్యూటర్ ఆన్ చేశాను. తెర నీలంగా మారి, 'అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు' అంది. పక్క కౌంటర్లో కూడా అదే. రక్తం సీసాల మీద స్టిక్కర్లు కొట్టే కంప్యూటర్ మీద కూడా అదే. ఎదురుగా హాలు నిండా పరగడుపు జనం.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా మేనేజర్ హనుమత్ప్రసాద్ గారు కాకినాడ వైపు మనిషి, మంచివాడే, కాని కంగారు ఎక్కువ. "ఏంటండీ ఇది, ఇది కదలట్లేదు!" అంటూ పక్క కౌంటర్ కంప్యూటర్ బటన్ గట్టిగా నొక్కి ఆపేశారు. మధ్యలో ఆపితే ఏమవుతుందో అదే అయింది. అది మళ్లీ లేవలేదు. ఇంతలో సనత్‌నగర్ నుంచి వచ్చిన శివరాములు అనే పెద్దాయన కళ్లు తిరిగి బెంచీ మీద నుంచి కిందికి జారిపోయాడు. షుగర్ పడిపోయిందట. పంచదార నీళ్లు తాగించి కూర్చోబెట్టాం. తేరుకున్నాడు. కాని ఆయన కొడుకు మమ్మల్ని తిట్టిన తిట్లు ఫ్లైఓవర్ మీద పోయేవాళ్లకు కూడా వినబడి ఉంటాయి.

మేడం ప్రమోదను నా ముందే పిలిచింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ప్రమోదా, ఆ పెద్దమనిషికి ఏమన్న అయితే నేనేం జవాబు చెప్పాలి?"

"తప్పయింది మేడం. నిన్న నాలుగింటికే అయిపోవాలె. ఎందుకు కాలేదో చూస్త."

"చూడు. ఒక్క చాన్స్ ఇస్తున్నా. వచ్చే నెల అప్‌డేట్లకు మళ్లీ పేషెంట్లు ఆగిన్రంటే, ఇవన్నీ బందే. నువ్వు కూడా వేరే జాబ్ చూస్కో."

ప్రమోద తల ఊపింది. బయటికి వచ్చి, లేవని ఆ కంప్యూటర్ ముందు కూర్చుని సాయంత్రానికల్లా దాన్ని లేపింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవనే లేదు. ఉద్యోగం పోతే హాస్టల్ ఖాళీ చేసి దుబ్బాక బస్సెక్కాలి, అక్కడ ఆమె నేర్చుకున్న పని ఎవరికీ అవసరం లేదు. ఆ సంగతి ఆమె నాతో అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరికీ తెలుసు.

అప్‌డేట్ ఎందుకు కాలేదో ఆ తర్వాతి ఆదివారం బయటపడింది. వాన పడుతోందని నేను ఆగిపోయాను. కారణం కళ్లతో చూడాలని ప్రమోద ఆగింది. అందరూ వెళ్లాక మా సెంటర్లో ఊడ్చే పోశవ్వ గదులన్నీ తుడిచి, చీపురు గోడకు ఆనించి, ఒక్కో స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లింది. గోడ మీది మెయిన్ స్విచ్‌లు ఒక్కొక్కటే కిందికి నొక్కింది. నొక్కాక ఒకసారి వేలితో ముట్టి చూసుకుంది, నిజంగా ఆగాయో లేదో అని. గదులన్నీ నిశ్శబ్దమైపోయాయి. కరెంటే లేనప్పుడు నాలుగింటికి అప్‌డేట్ ఎక్కేది ఎట్లా? మర్నాడు పొద్దున కరెంటు రాగానే, తప్పిపోయిన పనంతా జనం ముందు మొదలైందన్నమాట.

"అవ్వా, రోజూ గిట్లనే బంద్ చేస్తవా?" ప్రమోద మెల్లగా అడిగింది.

"చెయ్యకపోతే ఎట్ల బిడ్డా? నాకు నిద్ర పడ్తదా?"

పోశవ్వ మెట్ల మీద కూర్చుని చెప్పింది. మా దగ్గరికి రాకముందు ఆమె సనత్‌నగర్లో అట్టపెట్టెలు చేసే షెడ్డులో ఊడ్చేది. ఒక పూట ఏదో మిషిన్ స్విచ్ ఆన్‌లో ఉండిపోయి షెడ్డు తగలబడింది. మనుషులెవరూ లేరు కాబట్టి ప్రాణాలు దక్కాయి. కాని, "ఆఖరుకు బయటకి పోయింది నువ్వే గద పోశవ్వా అన్నరు బిడ్డా. ఒక్కలు గాదు, అందరు అన్నరు. నేను మిషిన్ జోలికే పోలే. ఎవరు ఇన్లే." అప్పటి నుంచి ఎక్కడ పనిచేసినా తాళం వేసే ముందు అన్నీ ఆపుతుంది. ఇది మాకు ఎవరికీ తెలియదు. పొద్దున మేము వచ్చేసరికి ఆమె వచ్చి మళ్లీ అన్నీ వేసి ఉంచేది మరి.

ప్రమోద జరిగింది ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పింది. విన్న కొద్దీ పోశవ్వ ముఖం పాలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఆ ముసలాయన పడ్డది నా వల్లనేనా? డాక్టరమ్మకు చెప్తవా బిడ్డా? నన్ను తీసేస్తదా?"

"నీ వల్ల గాదవ్వా. ఆఖరుకు తాళం ఎవరేస్తరు, వేసేటప్పుడు ఏం చేస్తరు అని అడగకుండ నేను టైం పెట్టిన. గది నా పని. జెర నువ్వు ఫికర్ చెయ్యకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాన తగ్గాక మెట్రో స్తంభాల కింద అమీర్‌పేట వైపు నడుస్తూ ప్రమోదను దులిపేశాను.

"నీకేమన్న పిచ్చా? రేపు పొద్దున పోయి మేడంకి చెప్పు. నీ మీద మాట పోతది."

"నా మీద పోయి ఆమె మీద పడ్తదక్కా. ఇప్పటికే ఒకసారి పడ్డది."

"మరి నీ నౌకరీ?"

"వచ్చే నెల మంచిగ చేస్తే ఉంటది గద."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. ఊరుకున్నానే కాని లోపల మాత్రం ఆ పిల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది, దాచడమెందుకు? కరివేపాకు కట్ట కొందామని ఆగి, పక్క బండి మీద ఆమెకు మొక్కజొన్న కంకి కొనిపెట్టాను. తినేటప్పుడు ఆమె తన ఆలోచనంతా చెప్పింది. ఎవరూ లేనప్పుడు చెయ్యడమే తప్పు. పోశవ్వ భయం ఉత్త భయం కాదు, మా స్విచ్ బోర్డుల్లో ఒకటి అప్పుడప్పుడు కాలిన వాసన కొడుతూనే ఉంది. దానికి మనిషిని పిలవాలి. అప్‌డేట్ పట్టపగలు, మనుషులు చూస్తుండగా, సగం సగంగా చెయ్యాలి. జనం తక్కువుండే రోజు కావాలి.

"అసోంటి రోజు ఏడుందే మనకి?" అన్నాను.

ఆమె కంకి నమలడం ఆపింది. "అమావాస్య" అంది.

నిజమే! అమావాస్య నాడు మా హాలులో బెంచీలు ఖాళీ. తప్పనిసరైన వాళ్లే వస్తారు. కోరి కోరి రక్తం ఇయ్యడానికి ఆ రోజు ఎవరొస్తారు? ప్రమోదకు ఈ ఆలోచన రావడానికి వేరే కారణం ఉంది. దుబ్బాకలో వాళ్ల నాయిన అమావాస్య నాడు మగ్గం మీద కూర్చోడట. నేత నేయడు కాని ఖాళీగా కూడా ఉండడు. అరిగిన తాళ్లు మారుస్తాడు, వదులైన చెక్కలు బిగిస్తాడు, నూనె వేస్తాడు. నెలంతా పనిచేసే మగ్గానికి ఆ ఒక్క రోజు ఒళ్లు చూసుకోవడం. "నెలకోసారి అప్‌డేట్, నెలకోసారి అమావాస్య. గిన్ని రోజులు నాకెందుకు మతికి రాలే అక్కా!" అని తన నెత్తి మీద తనే కొట్టుకుంది.

ఇక హనుమత్ప్రసాద్ గారిని ఒప్పించాలి. ఆయన టేబుల్ మీద కంప్యూటర్ కంటే పంచాంగానికే ఎక్కువ జాగా. విని అదిరిపడ్డారు.

"అమావాస్య నాడు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారా? ఏంటమ్మా ప్రమోద గారూ, అసలే మొన్న ఒకటి చచ్చి బతికింది!"

"కొత్తది కాదు సార్. చినిగిన కాడ కుట్టుడే. కొత్త బట్ట ఆ రోజు కట్టరు గని, చినిగింది కుడ్తరు గద?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని పంచాంగం తిరగేశారు. "మరమ్మతు అంటే ఫర్వాలేదు. కాని వర్జ్యం తప్పించండి" అన్నారు. అలాగేనని ప్రమోద ఆయన చేతే టైం పెట్టించింది. అంతటితో ఆయన ఈ పనికి కాపలాదారు అయిపోయారు. మేడం మాత్రం, "మీ ఇష్టం. నాకు పేషెంట్లు ఆగొద్దు, అంతే" అంది. కరెంటు మనిషి వచ్చి ఆ కాలిన బోర్డు మార్చిపోయాడు.

అమావాస్య వచ్చింది. పొద్దున్నే ప్రమోద కంప్యూటర్లను రెండు జట్లు చేసింది. ముందు పక్క కౌంటరు, స్టిక్కర్ల కంప్యూటరు, లోపలి గదివి. అవి ముగిసి లేచాకే నాది, మిగిలినవి. పోశవ్వను పిలిచి స్విచ్ బోర్డుల కింద స్టూలు వేసి కూర్చోబెట్టింది. "అవ్వా, నేను సరే అనేదాక గీ స్విచ్‌ల మీద ఎవ్వల చెయ్యి పడొద్దు. నీ జిమ్మ." పోశవ్వ కొంగు నడుముకు దోపుకుని కూర్చుంది. చీపురు కూడా ముట్టలేదు ఆ పూట.

మొదటి జట్టు చక్కగా లేచింది. ప్రమోద ముఖం కొంచెం విచ్చుకుంది. నా కంప్యూటర్ తన వంతు మొదలుపెట్టగానే వీధిలో బస్సు ఆగిన చప్పుడైంది. బేగంపేటలో ఏదో ఆఫీసు వాళ్లు, తమ ఉద్యోగులందరినీ ఆరోగ్య పరీక్షకు బస్సులో తోలారు. చెప్పాపెట్టకుండా. వాళ్ల హెచ్‌ఆర్‌కు అమావాస్యా లేదు, పున్నమీ లేదు. అంతా పరగడుపున!

నేను నీలం తెరనూ జనాన్నీ మార్చి మార్చి చూశాను. ప్రమోద మాత్రం నన్ను లేపి పక్క కౌంటర్లో కూర్చోబెట్టింది. "అక్కా, గిది నడుస్తది. స్టిక్కర్లది నడుస్తది. రెండు చాలు మనకు. నువ్వు తిట్లు పడ్డా చెయ్యి ఆపకు." నేను ఆపలేదు. తిట్టేవాళ్లను తిరిగి తిట్టనూ లేదు, ఆ పూట అది నాకు పెద్ద శిక్ష. వరస కదులుతూనే ఉంది. వాళ్లలో పెద్దవాళ్లను, షుగరు ఉన్నవాళ్లను అడిగి మరీ హనుమత్ప్రసాద్ గారు ముందుకు పంపారు. ఎవరూ కళ్లు తిరిగి పడలేదు.

సగం మంది అయ్యాక మేడం కిందికి దిగింది. హాలు నిండా జనం. నా ఖాళీ కుర్చీ ముందు తెర నీలంగా ఉంది. పని ఎంత శాతం అయిందో చూపే అంకె అరవై దగ్గర నిలబడిపోయి ఉంది. మేడం ముఖం మారింది.

"మళ్లీ అదేనా? ఇది హ్యాంగయింది. ఆపి మళ్లీ వెయ్యండి" అంటూ తనే గోడ వైపు చెయ్యి చాచింది.

"చెయ్యి తియ్యి డాక్టరమ్మా!"

వరసలో వాళ్లంతా తలలు తిప్పారు. పోశవ్వ లేచి నిలబడి, స్విచ్ బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టింది. మా సెంటర్లో మేడం ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పోశవ్వ అయితే మేడం ఎదురుపడితే గోడకు అతుక్కుపోయేది.

"పోశవ్వా! నీకేం తెలుసని..."

"నాకేం తెల్వదమ్మా. బంద్ చేస్తే ఏమైతదో అది ఒక్కటి తెలుసు. ఆ ఐతారం అన్ని బంద్ చేసింది నేనే. గందుకే సోమారం పొద్దున మొత్తం ఆగిపోయింది. ముసలాయన పడ్డడు. గీ పిల్లకు తెలుసు. నీకు చెప్పలే. నన్ను తీసేస్తవని చెప్పలే. తనే మాట పడ్డది." పోశవ్వ చేతులు దించలేదు. "తీసేస్తే నన్ను తియ్యి. గీ పిల్ల సరే అనేదాక స్విచ్ ముట్టనియ్య."

మేడం ప్రమోద వైపు చూసింది. ప్రమోద తల దించుకుంది. దొంగతనం చేసి పట్టుబడ్డ దానిలా నిలబడింది పిచ్చిది. నాకు కళ్లు నిండిపోయాయి. ఎదురుగా నిలబడ్డ ఆఫీసు అబ్బాయి పేరు రెండుసార్లు తప్పు కొట్టాను.

"నాకెందుకు చెప్పలేదు?" మేడం అడిగింది.

"అవ్వ తన పని తను చేసింది మేడం. ఆమెను అడగకుండ ప్లాన్ చేసింది నేను."

మేడం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చేతులు కట్టుకుని ఆ నీలం తెర ముందే నిలబడింది. అంకె అరవై మీదే ఉంది. ఆ తర్వాత ఎప్పటికో కదిలింది. డెబ్భై. తొంభై. తెర నల్లబడింది. పోశవ్వ గట్టిగా కళ్లు మూసుకుంది. నా కంప్యూటర్ లేచి, ఎప్పటిలా మా సెంటర్ బొమ్మ చూపించి, పాస్‌వర్డ్ అడిగింది.

"సరే అవ్వా" అంది ప్రమోద.

అప్పుడు దించింది పోశవ్వ చేతులు. నేను నా కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాను. వరస రెండుగా చీలి గబగబా కదిలింది. బస్సు జనం అంతా అయిపోయి, ఇడ్లీలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతూ బయటపడ్డారు. హాలు ఖాళీ అయ్యేదాకా మేడం పైకి వెళ్లనే లేదు. వెళ్లబోతూ మెట్ల దగ్గర ఆగింది.

"వచ్చే అమావాస్యకు నేను ఊళ్లో ఉండను" అంది వెనక్కి తిరిగి. "మీరిద్దరు చూస్కోండి."

మేడం మెట్లెక్కి వెళ్లిపోయింది. ప్రమోద అక్కడే నిలబడి పోశవ్వ వైపు చూసింది. పోశవ్వకు వెంటనే అర్థం కాలేదు. "ఇద్దరంటే ఎవలు బిడ్డా?" అని అడిగింది.

ప్రమోద ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.